మంత్రసాని పద్దు: ఇంట్లో మిగిలిన పాత పుస్తకాలు, కాగితాల్లోంచి కుటుంబ చరిత్ర తీసే పద్ధతి

మా ముత్తాత పద్దుల పుస్తకంలో ఒక పంక్తి ఇలా ఉంటుంది: "మంత్రసానికి చీర 1, వడ్లు 2 కుంచాలు, రొక్కం 1-4-0." యువ నామ సంవత్సరం, కార్తీక మాసం. అంటే 1935 అక్టోబరు చివరి నుంచి నవంబరు లోపు. మంత్రసాని అంటే ఇంటికొచ్చి పురుడు పోసే ఆమె. మా వంశవృక్షం ప్రకారం ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు.

ఆ వంశవృక్షం మా పెదనాన్న ఎంతో శ్రద్ధగా గీయించి, ఫ్రేము కట్టించి పెట్టారు. అందులో ఏడు తరాల మగవాళ్ళ పేర్లు ఉన్నాయి. కోడళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో లేదు. ఆడపిల్లల్ని ఏ ఊరికిచ్చారో లేదు. పురిట్లో పోయిన పిల్లలు అసలే లేరు. అయితే వాళ్ళ కోసం కూడా ఇంట్లో ఎవరో ఒకరు డబ్బు తీశారు, ఎవరో ఒకరు ఉత్తరం రాశారు. డబ్బు తీసిన చోట పద్దు పడుతుంది. అందుకే నేను చెప్పే పద్ధతి వంశవృక్షంతో కాదు, అటక మీది ట్రంకు పెట్టెతో మొదలవుతుంది.

పెట్టె తెరిచాక మొదటి గంట

సర్దకండి. చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. ఉత్తరాలన్నీ ఒక కుప్ప, రశీదులన్నీ ఒక కుప్ప పెట్టాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. ఏ కాగితం దేని పక్కన ఉందో, ఏ పేజీ మధ్య ఉందో అదే సగం సమాచారం. ముందు పెట్టె మొత్తానికి పైనుంచి ఫోటో తీయండి. ఒక్కో కట్ట తీసేముందు మళ్ళీ ఒకటి. కట్టకో నంబరు ఇచ్చి, ఆ నంబరు విడి చీటీ మీద పెన్సిలుతో రాసి కట్ట మీద పెట్టండి. పాత కాగితం మీద ఏమీ రాయొద్దు.

పుస్తకాల మధ్య దొరికినవాటికి ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. ఏ పేజీల మధ్య దొరికిందో రాసుకుని, ఫోటో తీసి, తిరిగి అక్కడే పెట్టండి. పాత ఇళ్ళలో ఉత్తరాలు కొక్కెం ఉన్న తీగకి గుచ్చేవాళ్ళు. అలాంటి తీగ దొరికితే అదృష్టమే: అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైది కొత్తది. తేదీ చెరిగిపోయిన కార్డుకి కిందా పైనా ఉన్న కార్డులు చూస్తే కాలం తెలిసిపోతుంది. తీగలోంచి ఒక్కసారిగా లాగేస్తే ఆ వరస పోతుంది.

చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక ముట్టుకుంటే చాలు. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు. కొన్నేళ్ళకి దాని జిగురు పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అంతకన్నా ప్రమాదం, ఇక వెనక్కి తీయలేం. తడిసిన కాగితాన్ని ఎండలో కాదు, నీడలో గాలికి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసేయండి. తాళపత్రాలు దొరికితే నూనెలు రాయకుండా గుడ్డలో చుట్టి, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధనా సంస్థలాంటి చోట అడగండి. అది వాళ్ళు చేయాల్సిన పని.

ఫోటోలు పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి ఫోను సమాంతరంగా ఉంచి తీయాలి. పెన్సిలు రాత వెలిసిపోయి కనిపించకపోతే గదిలో లైటు తీసేసి, టార్చి ఒక పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పెన్సిలు ఒత్తిన గాడి నీడలో తేలుతుంది. ప్రతి కాగితానికీ వెనకవైపు కూడా ఫోటో తీయాలి, ఖాళీగా కనిపించినా సరే.

ఒక్క కాగితం పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గరికి

ప్రశ్నల జాబితాతో వెళ్తే పెద్దవాళ్ళు "నాకేం గుర్తుంటాయి నాయనా" అంటారు. ఒక్క పాత ఉత్తరం చేతిలో పెడితే గంటసేపు మాట్లాడతారు. అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఎప్పుడు చనిపోయారు?" అంటే చెప్పలేనివాళ్ళు, "ఆబ్దికం ఏ తిథికి పెడతారు?" అంటే వెంటనే చెబుతారు. ఏడు గుర్తులేకపోయినా మాసం, పక్షం, తిథి దొరికాయంటే చాలా దొరికినట్టే. ఆబ్దికాలు పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లి వైపు మూడు తరాల పేర్లూ చెబుతారు. ఆ పేర్లు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు. వాళ్ళను ఈ ఆదివారమే కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయండి. కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు.

"పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటే ఏ గాలివానో అడగండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. బందరు ఉప్పెన 1864 నవంబరు 1. ధాత కరువు అన్న మాట వినిపిస్తే అది 1876లో మొదలైన కరువు. ఆ ధాత నామ సంవత్సరం పేరే దానికి మిగిలింది.

అచ్చు పుస్తకాల్లో అట్ట లోపలి పేజీ

ఇంట్లో పారాయణ గ్రంథాలు ఉంటే వాటి మొదటి, చివరి ఖాళీ పేజీలు చూడండి. పిల్లలు పుట్టిన తిథి, నక్షత్రం, ఘడియలు అక్కడే రాసేవాళ్ళు. క్రైస్తవ కుటుంబాల్లో ఆ పని బైబిలు చేసింది. జననాలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు వరసగా ఉంటాయి. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ పూర్వీకులు ఆ చుట్టుపక్కల వాళ్ళయితే, బైబిల్లోని పేర్లకి చర్చి రిజిస్టర్లలో జోడీ వెతకవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పాత పంచాంగాలు. ఏడాది దాటగానే పారేసేవి కదా, మరి ఎందుకు దాచారు? అంచుల్లో ఏదో రాసి ఉంటుంది గనక. ఆవు ఈనిన రోజు, నారు పోసిన రోజు, అమ్మాయి పెద్దమనిషైన రోజు, అప్పు ఇచ్చిన రోజు. పైగా పంచాంగం మీద సంవత్సరం పేరు అచ్చయి ఉంటుంది కాబట్టి తేదీ గురించి తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

పద్దుల పుస్తకం

ఇక్కడ తొందరపడొద్దు. నెల రోజులైనా పెట్టండి.

సాధారణంగా రెండు రకాలు దొరుకుతాయి. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసేది చిట్టా. మనిషివారీగా, ఖాతావారీగా తిరగరాసేది ఆవర్జా. కుటుంబ చరిత్రకి చిట్టా విలువైనది, ఎందుకంటే అందులో ఏ రోజు ఏం జరిగిందో ఆ వరసలోనే ఉంటుంది.

మొదటి అడ్డంకి రాత. కరణాల తరహా గొలుసుకట్టు రాతలో కలం ఎత్తకుండా, మాటకీ మాటకీ ఎడం లేకుండా రాసుకుపోతారు. మొదటి పేజీ నుంచి చదవడానికి కూర్చుంటే విసుగొచ్చి మూసేస్తారు. మీకు ముందే తెలిసిన మాటలు పట్టుకోండి: మీ ఊరి పేరు, ఇంటిపేరు, వారాల పేర్లు, "రొక్కం", "జమ", "ఖర్చు". వాటిలో ఆ మనిషి "క" ఎలా రాశాడు, "ర"కీ "ఠ"కీ తేడా ఎలా చూపించాడు అని ఒక కాగితం మీద అక్షరమాల తయారుచేసుకోండి. నాలుగు రోజుల్లో ఆ చేతి రాత మీకు అలవాటవుతుంది. "యీ", "వొక", "చేవ్రాలు" లాంటి పాత రాతల్ని మీ నోట్సులో సరిదిద్దకుండా ఉన్నదున్నట్టే దింపుకోండి.

రెండోది అంకెలు. ౦ ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯ బల్ల మీద అంటించుకోండి. ౬, ౭, ౯ దగ్గర అందరం తడబడతాం. డబ్బు మూడు గళ్ళలో ఉంటుంది: రూపాయలు, అణాలు, పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. బేడ అంటే 2 అణాలు, పావులా అంటే 4. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి కాబట్టి, "న.పై." కనిపించిన పేజీ ఆ తర్వాతిదే. నిజాం రాష్ట్రం వైపు పద్దుల్లో రూపాయి అనగానే ఆగండి. అది హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి)? ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకి సమానం. మా అమ్మమ్మగారిది నల్లగొండ వైపు. వాళ్ళ పెళ్ళి ఖర్చులో రెండు రకాల రూపాయలూ పక్కపక్కనే ఉన్నాయి. కూడి చూస్తే లెక్క కుదరక రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

కొలతల్లో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ప్రాంతాన్ని బట్టి కొలత పాత్ర పరిమాణం మారేది. అందుకే కిలోల్లోకి మార్చకుండా ఉన్నమాటే రాసుకోండి.

ఇప్పుడు అసలు పని. ఒక పట్టిక గీయండి: తేదీ, పద్దులో ఉన్న మాట ఉన్నట్టుగా, దాని నుంచి మీ ఊహ. మూడో గడి ఎప్పుడూ పెన్సిలుతోనే. ఇంట్లో జరిగే ప్రతి ముఖ్యమైన సందర్భానికీ ఒక ఖర్చు ఉంటుంది. మంత్రసాని, బారసాల, పుట్టువెంట్రుకలు, జాతకం రాయించిన దక్షిణ, సీమంతం, సారె, దినాల ఖర్చు. ఒక్క పద్దు ఏమీ రుజువు చేయదు. వరస చెబుతుంది.

మా మంత్రసాని పద్దులు ఆ పుస్తకంలో మొత్తం ఆరు. మా తాతమ్మకి పిల్లలు ఐదుగురని అందరూ చెప్పేవాళ్ళు. తొలి కాన్పు పుట్టింట్లోనే చేస్తారు కాబట్టి ఆ ఖర్చు ఈ పుస్తకంలో పడదు. అంటే నాలుగే ఉండాలి. మరి ఆరెందుకు? ఒకదాని తర్వాత మూడు నెలలకి "చెల్లెమ్మను పంపినప్పుడు సారెకు" అని ఉంది. అంటే ముత్తాత చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది. అది తీసేస్తే ఐదు. నాలుగింటి తర్వాత పక్షం తిరిగేలోపు బారసాల ఖర్చు ఉంది. 1935 కార్తీకంలో దానికి మాత్రం లేదు. నాలుగు రోజుల తర్వాత "ఆచారిగారి మందుకు 0-8-0" అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇంతవరకూ ఊహే. రుజువు అదే పుస్తకంలో, అదే పేజీ దగ్గర మడిచి పెట్టిన పోస్టుకార్డులో ఉంది. మా తాతమ్మకి వాళ్ళ అన్నయ్య రాసింది. "బిడ్డ పోయినదని దిగులు పెట్టుకోకు, నీ వొంటి సంగతి చూచుకో, ఆడపిల్లను ఆ తల్లి యిచ్చినట్టే యిచ్చి తీసుకున్నది" అని ఉంది. తపాలా ముద్రలో నవంబరు 1935. మా తాతమ్మకి చదువు రాదు. ఎవరో చదివి వినిపించి ఉంటారు. మిగతా కార్డులన్నీ తీగకే ఉన్నాయి. ఇదొక్కటి మాత్రం ఎవరో తీసి, మంత్రసాని పద్దు దగ్గర పెట్టారు. నేను ఆ రోజు ఉత్తరాలన్నీ ఒక కుప్పగా సర్ది ఉంటే, ఈ రెండూ ఎప్పటికీ కలిసేవి కావు.

చదివింపుల పుస్తకం

పెళ్ళిలో ఎవరెంత చదివించారో రాసిన పుస్తకం. చాలామంది దీన్ని డబ్బు లెక్క అనుకుని పారేస్తారు. నిజానికి కోడళ్ళ పుట్టిళ్ళు, ఆడపిల్లల అత్తవారిళ్ళు ఒకేచోట దొరికేది ఇందులోనే. పేరు, ఊరు, ఒక్కోసారి వరస కూడా ఉంటుంది: "పెండ్లికూతురు మేనమామ, ఫలానా ఊరు, 116." మూడు నాలుగు పెళ్ళిళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఊళ్ళవారీగా మళ్ళీ రాయండి. అన్ని పెళ్ళిళ్ళలోనూ పెద్ద మొత్తం చదివించిన ఊరు ఒకటి కనిపిస్తుంది. అక్కడ మీకు తెలియని చుట్టరికం ఉంటుంది. శుభలేఖలు కూడా ఇలాగే చదవాలి, కింద "ఆహ్వానించువారు" దగ్గర.

ఉత్తరాల్లో సంబోధన

విషయం కన్నా ముందు సంబోధన చదవండి. చి॥ అంటే చిరంజీవి, చిన్నవాళ్ళకి. చి॥ల॥సౌ॥ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. గం॥భా॥ అంటే గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయిన స్త్రీ. మ॥రా॥రా॥శ్రీ అంటే మహారాజరాజశ్రీ, గౌరవంగా. ఒకే మనిషికి ఒక కార్డులో సౌ॥ అనీ, తర్వాతి కార్డులో గం॥భా॥ అనీ ఉంటే, ఆ రెండు తేదీల మధ్య ఆమె భర్త పోయాడు. చావు కబురు తెచ్చిన ఉత్తరం కోసం వెతక్కండి. అది చదవగానే చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు. వరసగా వస్తున్న ఉత్తరాల్లో ఒకచోట కొన్ని నెలలు ఖాళీ కనిపిస్తే, అప్పుడేం జరిగిందో ఆలోచించాలి.

తేదీ లేని కార్డుకి తపాలా ముద్ర, బిళ్ళ మీది బొమ్మ సాయం చేస్తాయి. ఐదో జార్జి బొమ్మ ఉంటే ఆయన పాలించిన 1910–1936 కాలంలో అచ్చయింది, వాడటం ఇంకొంచెం తర్వాత కూడా కావచ్చు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఇళ్ళలో "రంగం" అని కనిపిస్తే అది రంగూన్. పనికి వెళ్ళినవాళ్ళు పంపిన మనియార్డరు కూపన్లు ఉంటే తేదీలు వరసగా పెట్టండి. 1942లో జపాను దాడితో బర్మా నుంచి లక్షల మంది వెనక్కి వచ్చేశారు, దారిలో ఎంతోమంది పోయారు. ఆ కూపన్లు ఎక్కడ ఆగాయో అది మీ ఇంటి కథలో పెద్ద మలుపు కావచ్చు.

దస్తావేజులు, నోట్లు

స్టాంపు కాగితం వెనక స్టాంపు వెండరు రాసిన తేదీ, కొన్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ముందువైపు కన్నా అది చదవడం తేలిక. హద్దులు తప్పకుండా దింపుకోండి. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన ఫలానా వారిది. ఒకప్పటి ఒకే చెక్క పంచుకున్నప్పుడు పక్క హద్దుదారులే అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. ఇంటిపేరు ఒకటే అయితే ఇక ఆగొద్దు. సాక్షుల్లో బావమరుదులు, మేనమామలు దొరుకుతారు.

పంపకాల దస్తావేజులో నేను మొదట చూసేది మనోవర్తి. ఇంట్లో మిగిలిన వితంతువుకి ఏటా ఇన్ని బస్తాలు అని ఉంటుంది, పెళ్ళికాని చెల్లెలి పెళ్ళి ఖర్చు ఎవరు పెట్టాలో ఉంటుంది. వంశవృక్షంలో లేని ఆడవాళ్ళు పేరుతో సహా ఇక్కడ ఉంటారు. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూమి కాగితాలు కూడా అంతే.

ప్రామిసరీ నోట్లు కట్టలుగా దొరికితే విసుక్కోకండి. నోటుకి మూడేళ్ళు గడువు కాబట్టి, తీరని అప్పుకి నోటు తిరగరాసేవాళ్ళు, లేదా కొంత చెల్లించినట్టు నోటు వెనక రాసి సంతకం చేసేవాళ్ళు, దాన్నే చెల్లు వేయడం అంటారు. మూడేళ్ళకోసారి సంతకం పడుతుందన్నమాట. ఒక నోటులో తండ్రి సంతకం ఉండి, తర్వాతి నోటులో ఇద్దరు కొడుకుల సంతకాలు ఉంటే, ఆయన పోయిన కాలం మూడేళ్ళ లోపుకి కుదించుకున్నట్టే.

తిథిని తేదీగా మార్చడం

సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ప్రభవ 1867, 1927, 1987ల్లో వచ్చింది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. పార్థివ అంటే 1885, 1945, 2005. ఏది అన్నది కాగితం, నాణెం, మనుషుల వయసు చూసి తేల్చాలి. ఉగాదితో ఏడు మారుతుంది కాబట్టి పార్థివ మాఘం 1945లో కాదు, 1946లో వస్తుంది. ఈ తప్పు నేను చాలా చోట్ల చూశాను, నేనూ చేశాను. వారం రాసి ఉంటే అదే మీకు పరీక్ష: మీరు తేల్చిన తేదీన ఆ వారం రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగింది. అధిక మాసం ఉన్న ఏడాదేమో చూడండి.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1355 ఫసలీ 1945లో మొదలైంది. మద్రాసు వైపు అది జూలై 1న, నిజాం వైపు ఆజూరు నెలతో అక్టోబరులో మొదలయ్యేది. అక్కడి కాగితాలు ఉర్దూలో ఉంటే, చదవగలిగిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించి రికార్డు చేసుకోండి.

ఊరు పాతదే అయినా జిల్లా పేరు మారుతుంది. గుంటూరు జిల్లా 1904లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో ఏర్పడ్డాయి. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకాలు. కాగితంలో ఉన్న తాలూకా పేరే రాసుకుని, ఇప్పటి మండలం పక్కన పెట్టండి.

బయట సరిచూసుకోవడం

రిజిస్టరైన దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగవచ్చు. భూముల లావాదేవీలు ఒకటో పుస్తకంలో, వీలునామాలు, దత్తత తీసుకునే అధికార పత్రాలు మూడో పుస్తకంలో నమోదవుతాయి. స్కూలు రికార్డు, ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. పుస్తకం తండ్రి పేరుకి, ఊరికి బాగా పనికొస్తాయి. పుట్టినతేదీకి మాత్రం వాటిని నమ్మొద్దు. జూలై 1 అని ఉంటే అది మాస్టారు రాసిన తేదీ అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఊరి చరిత్ర కావాలంటే ఈస్టిండియా కంపెనీ కాలపు అధికారి మెకంజీ సేకరించిన కైఫియత్తులు, అంటే ఊళ్ళవారీ స్థానిక చరిత్రలు, చూడండి. పాత పత్రికల కోసం 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

కాగితాలే లేని కుటుంబాలు ఎన్నో. భూమి లేనివాళ్ళ పేర్లు చాలాసార్లు వేరేవాళ్ళ పద్దుల్లో ఉంటాయి, పాలేరుగా, చాకలిగా, మంత్రసానిగా. మీ ఇంట్లో పద్దుల పుస్తకం ఉంటే, ఆ పేర్లు కూడా దింపుకుని ఆ కుటుంబాల వాళ్ళకి ఇవ్వండి. మా పుస్తకంలో మంత్రసాని పేరు ఒక్కచోట ఉంది. ఆమె మునిమనవరాలు ఆ పేజీ ఫోటో తీసుకుంది.

రాసి పెట్టడం

ప్రతి మనిషికీ ఒక పేజీ. ప్రతి సంగతి పక్కన అది ఏ కట్టలో, ఏ పేజీలో దొరికిందో. ఖాయం, బహుశా, వినికిడి అని మూడు మాటల్లో ఒకటి తప్పకుండా ఉండాలి. రెండో పెళ్ళి, దత్తత, కోర్టు గొడవ లాంటివి బయటపడితే, ఆ సంగతి తగిలే మనుషులు బతికుంటే ముందు వాళ్ళతో మాట్లాడండి, తర్వాతే కుటుంబం గ్రూపులో పెట్టండి. ఇప్పటికీ చేతిలో ఉన్న ఆస్తి పత్రాల ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. ఫోటోల కాపీ కనీసం ముగ్గురి దగ్గర, వేరువేరు ఊళ్ళలో ఉండాలి. అసలు కాగితాలు శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకి ఎత్తుగా, వంటింటికి దూరంగా పెట్టి, ఏడాదికోసారి విప్పి చూడండి.

మా పెదనాన్న ఫ్రేము పక్కన ఇప్పుడు ఇంకో కాగితం ఉంది. అందులో కోడళ్ళు, కూతుళ్ళు, వాళ్ళ ఊళ్ళు ఉన్నాయి. మా తాతమ్మ పిల్లలు ఆరుగురు. నాలుగో గడిలో పేరు లేదు. "ఆడపిల్ల, యువ కార్తీకం, 1935. మంత్రసాని పద్దు, మేనమామ కార్డు" అని రాశాను, పక్కన ఖాయం అని.